ఊగని గాంధారం

1955 ఆగస్టు 7, ఆదివారం

ఎన్నడూ చూడని దేశపు పాట వింటే మనకెందుకు ఏడుపు వస్తుంది?

బి.ఏ. ఆనర్స్‌లో ఉండగా మా స్కాచ్ ప్రొఫెసర్ కిటికీ దగ్గర నిలబడి తన ఊరి పాటేదో కూనిరాగం తీస్తుంటే మొదటిసారి పుట్టిన ప్రశ్న ఇది. ఇప్పుడు నాకు నలభై నాలుగు. నేనే లెక్చరర్‌ని. జవాబు మటుకు దొరకలేదు.

ఈ రోజు తమ్ముడు కోదండరాం నన్ను మౌంట్ రోడ్‌లో మ్యాటినీకి తీసుకుపోయాడు. ఐర్లాండ్ సముద్రతీరం కథ. వాడు సినిమాలకు సంగీతం కట్టేవాడు కనుక కథతో వాడికి పనిలేదు. నాకూ లేదు. కళ్ళు మూసుకొని విన్నాను. సంగీతం కట్టినాయన పేరు తెర మీద రెప్పపాటులో పోయింది. ఎవరో ఏమో, ధైర్యవంతుడు. కింద ఒకే శ్రుతి, మన తంబూరాలాగే, కదలదు. పైన ఒక్క ఫిడేలు. మన మోహనంలాగే మెట్టు వదిలి మెట్టు ఎక్కే స్వరాలు. కానీ ఏ స్వరమూ ఊగదు. ఏడవమని మనల్ని అడగదు. తన దారిన తను నడిచిపోతుంది. ఏడిచేది మనం.

బయటికొచ్చాక, ఆఖరి రీలులో మ్యూజిక్ ఎందుకు తీసేశారని అడిగాడు వాడు.

తమాషా చేస్తున్నాడనుకున్నాను.

ఆగస్టు 8

తీయలేదు. ఆఖరి రీలంతా ఫిడేలు పై తీగ మీదే ఉంది. వాడికి వినిపించలేదు.

ఆగస్టు 17

చెవుల డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోయాను. నరం చచ్చిపోతోందట. ముందు పై స్థాయి పోతుంది, తర్వాత మిగతాది. మందు లేదని ఆయన ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు.

వాడూ నేనూ రిక్షా ఎక్కాం. పాండీ బజార్ దాటాక నా చేయి పట్టుకున్నాడు. వాడి భార్య అమ్మణికి చెప్పకూడదట. ప్రొడ్యూసర్ తిరువేంగడంగారికి అసలే చెప్పకూడదట. చేతిలో ఉన్నది ఈ జాలరుల పిక్చర్ ఒక్కటే. పాటలైపోయాయి, సీన్ల వెనక వచ్చే సంగీతం, రీరికార్డింగ్, మిగిలింది.

"తెలిస్తే నా చేతిలోంచి లాగి ఇంకొకడికి ఇచ్చేస్తారు అక్కా. ఈ ఒక్కటి ముగించేస్తాను. నువ్వు నా పక్కన కూచో, చాలు."

నేనేమి పక్కన కూర్చోను? నాకు సంగీతం తెలుసు, వాస్తవమే. వాడికి తెలిసినంత తెలుసా?

ఆగస్టు 28

ఇంట్లోనే రిహార్సల్. పిక్చర్ చివర కొడుకు శవం ఒడ్డుకు కొట్టుకొస్తుంది, తల్లి చూస్తూ నిలబడుతుంది. తిరువేంగడంగారికి అక్కడ షెహనాయ్ కావాలి, కోరస్ కావాలి. వీడికి ఆ మ్యాటినీ పద్ధతి కావాలి. ఒకే శ్రుతి, ఒకే వయొలిన్, పై గాంధారం మీద ముగింపు. ఆ గాంధారం ఊగకూడదు.

వయొలిన్ చింతాద్రిపేట ఆదిమూలం. స్వరాన్ని ఊపే గమకం లేకుండా వాయించమంటే ఆయన విల్లు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గాంధారాన్ని గోచీ కూడా లేకుండా నడివీధిలో నిలబెట్టేదా సార్?"

అందరం నవ్వాం. కోదండరాం కూడా నవ్వాడు. ఆదిమూలం గొంతు బొంగురు, అది వాడికి బాగానే వినిపిస్తుంది. నవ్వాక, ఆ తల్లికి గోచీ కట్టుకునే తెలివి ఉంటుందా ఆ క్షణంలో అని అడిగాడు. ఆదిమూలం మళ్ళీ విల్లు ఎత్తాడు. సాయంత్రం దాకా సాధన చేశాడు. చేయి మాట వినదు. నలభై ఏళ్ళుగా ఊపిన వేలు అది.

మా ఏర్పాటు: స్వరం తప్పితే నేను పెన్సిల్ ఎత్తాలి. వాడు నా పెన్సిల్‌ని చూస్తాడు. నొటేషన్ రాయడానికి అక్క వచ్చిందని అందరూ అనుకుంటారు.

సెప్టెంబర్ 4

అమ్మణి వంటింట్లో అడిగింది, ఆయన నేను పిలిస్తే పలకడం లేదు వదినా, కోపమా అని. పని ఎక్కువ అన్నాను.

కాలేజీలో కూర్చొని ఆలోచిస్తాను. ఆ ఐరిష్ సంగీతం కట్టినాయనకు సముద్రంలో పోయినవాళ్ళు ఎవరైనా ఉండి ఉంటారు. మనం దాన్ని ఇక్కడ పెడితే సంగీతమా, అనుకరణా? వాడితో అనలేదు. అనే హక్కు నాకుందా?

సెప్టెంబర్ 13

నా చెవుల మీద కూడా నమ్మకం పోతోంది.

సెప్టెంబర్ 14, సాయంత్రం

అయిపోయింది. స్టూడియో నుంచి ఇప్పుడే వచ్చాను.

తెర మీద బొమ్మ, ముందు ఒకే మైకు, చుట్టూ వాద్యాలు. బొమ్మతో పాటే వాయించాలి. ఎవరు తప్పినా మొదటి నుంచి. మొదటి టేకులో శ్రుతి దిగింది, పెన్సిల్ ఎత్తాను, వాడు ఆపాడు. రెండోసారి విల్లు గీరింది, ఎత్తాను, ఆపాడు. వాడి చొక్కా తడిసిపోయింది. తిరువేంగడంగారు గడియారం చూసుకున్నారు.

మూడోసారి ఆదిమూలం కాగితం చూడలేదు, తెర చూశాడు. తల్లి మోకాళ్ళ మీద కూలింది. విల్లు పై గాంధారం మీదికి వెళ్ళింది. నిలబడింది. సరిగ్గా చివర, వేలు ఊగింది. ఎక్కువ కాదు. గాంధారం ఒక్కసారి మధ్యమం వైపు తొంగిచూసి, వణికి, దిగిపోయింది. అంతదాకా ఐర్లాండ్ ఒడ్డున నిలబడ్డ ఆడమనిషి ఉన్నట్టుండి మన కాసిమేడు జాలరుల వాడలో ఏడిచింది.

తమ్ముడు నన్నే చూస్తున్నాడు.

పెన్సిల్ ఎత్తలేదు.

ఓకే అన్నాడు వాడు. ఆదిమూలం విల్లు గాలిలోనే ఉంది, తిట్టు కోసం కాచుకొని ఉన్నాడు. అద్దాల గదిలోంచి సౌండ్ ఇంజనీర్ సుందర్‌రాజ్ బయటికి వచ్చి, ఇదే ఉంచేదా సార్ అని అడిగి, వాడిని కాక నన్ను చూశాడు. ఉంచండి అన్నాడు కోదండరాం.

సెప్టెంబర్ 15

పొద్దున్నే గుమ్మంలో ఆదిమూలం. చెప్పులు విడవలేదు, లోపలికి రాలేదు.

"సారుకి వినబళ్ళేదా, లేకుంటే ఒప్పుకున్నారా? మీరే దా చెప్పాలమ్మా."

ఒప్పుకున్నారు అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో తన చేతిని ఇట్లా ఎవరూ ఒప్పుకోలేదట. ఆయన సంతోషం చూస్తుంటే నాకు భయమేసింది. తమ్ముడి పేరు మీద నేను ఒక మాట ఇచ్చేశాను. రేపు ఆయన వాడికి నేరుగా థాంక్స్ చెబితే?

సెప్టెంబర్ 25, ఆదివారం

ప్రివ్యూ. ఆఖరి సీనులో తిరువేంగడంగారు ఏడిచారు. షెహనాయ్ మాట మళ్ళీ ఎత్తలేదు. సుందర్‌రాజ్ నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు, ప్రింట్లు మంగళవారం పోతాయి, ఆ రీలు మళ్ళీ చేయాలంటే రేపే చెప్పాలి అని. అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు, నాకే వదిలాడు.

మెట్లు దిగుతూ కోదండరాం నా చెవి దగ్గర అడిగాడు, చెవిటిది నేనైనట్టు.

"గాంధారం ఊగకుండా నిలబడిందా అక్కా? నేను అడిగినట్టేనా?"

నిలబడింది అన్నాను.

వాడు కళ్ళు మూసుకొని తల ఆడించాడు. ఇక మీదట ఏం పోయినా సరే, అదొక్కటి తను అనుకున్నట్టే వచ్చింది, అది చాలు అన్నాడు.

సెప్టెంబర్ 27

ప్రింట్లు బెజవాడ రైలెక్కాయి. నేను సుందర్‌రాజ్‌కి కబురు చేయలేదు. ఆ ఊగు వాడి సంగీతాన్ని పాడుచేసిందో బతికించిందో నాకు తెలియదు. అందంగా ఉందని పెన్సిల్ ఎత్తలేదో, అలిసిపోయి ఎత్తలేదో, అదీ తెలియదు. వాడికి ఇంకా కొంచెం వినిపించే రోజుల్లోనే చెప్పాలా, అసలు చెప్పకూడదా? తేల్చుకోలేకపోతున్నాను.