బొటనవేలు దాచుకోమన్న మాస్టారు

నిమ్‌పురా

గిటార్ మాస్టారు విల్‌ఫ్రెడ్‌గారికి,

మీ శిష్యురాలు ప్రశాంతి తండ్రి ఎర్రయ్య నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ కులాసా సంగతి ఈ ఉత్తరం చదివాక చూసుకోండి.

ఎడమచేతి బొటనవేలు గిటార్ నెక్ వెనక దాచుకోవాలని మా అమ్మాయికి చెప్పినారట. దాచడమేటండి, దొంగసొత్తా? ఇన్నేళ్ళుగా వర్క్‌షాపులో చేస్తున్నాను. హ్యాండిల్ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసేవాడు బొటనవేలు మిగతా వేళ్ళ సరసనే, పైకి కనబడేలా పెట్టుకోవాలి. వెనక్కి చుట్టినాడా, హ్యాండిల్ ఎదురుతన్ని వేలు విరుగుతుంది. మా షాపులో కుర్రాళ్ళకి ఇది నేర్పినవాణ్ణి నేనే.

అసలు అనుమానం ఇంకోటుంది. పిల్లని తీసుకెళ్ళడానికి తాల్‌బగీచా వచ్చి మీ కిటికీలోంచి చూసినాను. మీ బొటనవేలు మాత్రం దర్జాగా నెక్ మీదకెక్కి కూర్చునుంది! పిల్లలకో రూలు, మీకో రూలా? అసలు విద్య దాచుకుంటున్నారేటి?

ఇట్లు,
ఎర్రయ్య

తా.క. ఫోన్ చేయకండి. మా ఆవిడ రత్నం స్పీకర్ నొక్కి వింటుంది. జవాబు గిటార్ సంచి ముందు జేబులో పెట్టండి.

---

తాల్‌బగీచా

ఎర్రయ్యగారికి వందనాలు.

దాదా, గిటార్ ఎదురుతన్నదు. బొటనవేలు నెక్ వెనక మధ్యలో ఆనితే మిగతా వేళ్ళు ఆరు తీగలకీ అందుతాయి. నాది పైకెక్కడం పెళ్ళి బ్యాండ్‌లో పట్టుకున్న పాడలవాటు. దాన్ని పిల్లలకి అంటించడం ఎందుకని మంచిదే నేర్పుతున్నాను.

నాకూ ఒక అనుమానముంది. పిల్లలకి నేనిచ్చిన గిటార్లలో మీ ఇంటికొచ్చిందొక్కటే నల్లబడుతోంది. నెక్ పై అంచున గ్రీజు మరక. ప్రశాంతిని చేతులు కడుక్కోమనండి.

మీ
విల్‌ఫ్రెడ్

తా.క. కాలేజీలో బోటనీ చదివే పిల్లకి గ్రీజెక్కడిది?

---

నిమ్‌పురా

విల్‌ఫ్రెడ్ మాస్టారికి,

ఈసారి నమస్కారం సగమే పెడుతున్నాను.

గ్రీజు మా ఇంట్లోది కాదు. మీ పక్కనే సైకిల్ షాపుంది, ముందు అక్కడ విచారించండి. మీ మాట నమ్మి బొటనవేలు వెనక పెడితే ఎఫ్ కార్డ్ దగ్గర వేలు మొదట్లో పీకేస్తోంది. చూపుడువేలు అడ్డంగా పరిచి తీగలన్నీ ఎంత నొక్కినా ఠక్ ఠక్‌మని చచ్చిన చప్పుడే. పాపం, పిల్లకి అన్నం కలుపుకోడానికి కూడా చెయ్యి రావడం లేదు. ఇలాగైతే మానిపించేస్తాను. ఠీక్ హై?

ఇట్లు,
కడుపుమండిన
ఎర్రయ్య

తా.క. పిల్ల మానేసినా గిటార్ మా దగ్గరే ఉంటుంది.

---

తాల్‌బగీచా

ఎర్రయ్యగారికి పూర్తి వందనాలు.

ప్రశాంతి చెయ్యి చూశాను. నొప్పి లేదట. ఎఫ్ కార్డ్ గంటలా మోగించింది. వారమంతా కాలేజీతోనే సరి, గిటార్ శనివారం గాని తీయనంటోంది. మరి మధ్యలో వాయించేదెవరు? ఇంట్లో ఉండేది మీరూ రత్నంగారేనట. మీకు గిటారంటేనే మంట. అందుచేత నా అనుమానం రత్నంగారి మీద.

పిల్లని మానిపిస్తే మాత్రం నా గిటార్ ఆ రోజే పంపేయండి.

మీ
విల్‌ఫ్రెడ్

తా.క. నొప్పి ఎడమచేతికి కదా. మీ ఇంట్లో అన్నం ఏ చేత్తో కలుపుతారు?

---

నిమ్‌పురా

మాస్టారూ, కొంప ముంచినారు!

సంచి దులుపుతూంటే మీ ఉత్తరం రత్నం చేతిలో పడింది. "నాను గోల్ బజార్ ఎల్లినప్పుడల్లా ఇంట్లో ఏదో సెండాలపు వాయింపు వినబడతందని పక్కింటి దీదీ సెప్తే నమ్మలేదు. ఏటి, ఎవర్తొస్తంది?" అని నా కాలర్ పట్టుకుంది. ఇప్పుడు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని, బజారుకి నన్నే తోలుతోంది. షిఫ్ట్ దిగి ఇంటికొస్తే గిటార్ బీరువా మీంచి నన్నే చూస్తోంది. ముట్టుకోడానికి లేదు.

మానిపిస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గిటార్ మాత్రం అడక్కండి, మీకు దణ్ణం పెడతాను. అది లేకపోతే నాకు, అంటే మా అమ్మాయికి, తిండి సయించదు.

ఇట్లు,
ఎర్రయ్య

తా.క. ఎఫ్ కార్డ్‌లో ఒక్క తీగ మోగకపోతే పాపమా?

---

తాల్‌బగీచా

శిష్యుడు ఎర్రయ్యకి విల్‌ఫ్రెడ్ ఆశీస్సులు.

నిన్న పాఠానికి ముందు కిటికీ తుడుస్తూంటే బయటి చట్రం మీద నల్లటి బొటనవేలి ముద్ర కనబడింది. ప్రశాంతి రాగానే మీ గిటార్ తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకే వేలు. కూతుర్ని తీసుకెళ్ళే వంకతో ముందే వచ్చి, ఎండలో నిలబడి పాఠమంతా పట్టేశారన్నమాట. నాకు కోపం రాలేదు, చాలా సంతోషమేసింది. నా పాఠం కోసం ఎండలో నిలబడ్డవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

కానీ కిటికీలోంచి మాట వినబడదు కదా, అందుకని మీరు నా వేలు చూసి నా పాడలవాటే పట్టుకున్నారు. వెనక పెట్టినప్పుడు స్పానర్ బిగించినట్టు బిగించేసుంటారు. అందుకే ఆ నొప్పి. ఊరికే ఆనించాలి.

ఆదివారం లోపలికి రండి. చాటుగా నేర్చినవాణ్ణి పూర్వం ఒక గురువు బొటనవేలు అడిగాడంటారు. నేనూ అదే అడుగుతున్నాను. కోసివ్వక్కర్లేదు. సబ్బుతో కడిగి, నెక్ వెనక పెట్టండి చాలు.

మీ గురువు
విల్‌ఫ్రెడ్

తా.క. పొద్దున్నే రత్నంగారు టోటో రిక్షా ఎక్కి వచ్చి నిలదీస్తే నిజం చెప్పేశాను. "హమ్మయ్య! ఎవర్తో అనుకున్నాను బాబూ. అంత సెండాలంగా వాయించేదాని కోసం నన్నొగ్గేస్తాడా అనే నా ఏడుపంతా!" అన్నారు.