నీ కోసం చూసిన డాక్టరమ్మ

పదో తారీఖు, గురువారం

చిరంజీవి పిచ్చుకకి,

అమ్మమ్మ దీవెనలు. ఎలా ఉన్నావే తల్లీ? వాంతులు తగ్గాయా? మీ ఆయన దగ్గు పోయిందా, ఇంకా దుప్పటి తన్నేసి పడుకుంటున్నాడా? మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి? మీ మామగారు షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా? మీ అమ్మ ఫోను చేసినప్పుడల్లా బాగున్నానే అంటుంది గానీ గొంతులో నీరసం తెలుస్తూనే ఉంది, నువ్వొకసారి కదిపి చూడు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను.

మీ ఆయనకి మా ఊరు బదిలీ అయిందన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మీరొచ్చేలోగా దగ్గర్లో మంచి డాక్టరమ్మని చూసి పెట్టమన్నావు. పోయినసారి మూడో నెలలోనే కడుపు పోయిందని నువ్వెంత ఏడ్చావో నాకు తెలుసు. ఈసారి ఏమవుతుందోనన్న బెంగతో నాకు ముద్ద దిగడం లేదు. ఎవరినడిగినా తలా ఒక పేరు చెప్పారు. పక్కింటి టీచరమ్మ ఫోనులో చుక్కలు చూసి చెప్పింది. ఎక్కువ చుక్కలున్నవాళ్లే మంచి డాక్టర్లట. చుక్కలు లెక్కపెట్టి బిడ్డని అప్పగిస్తామా అన్నాను.

అందుకని నేనే వెళ్లి కూర్చున్నాను. ఆడపిల్లలు లోపలికెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి మొహం చూడడం, అదే నా పని. పెద్ద చదువు లేకపోయినా మొహాలు చదవడం వచ్చు కదా.

మొదటిది అద్దాల తలుపుల ఆసుపత్రి. అక్కడ లోపలికెళ్లిన పిల్ల తను లేచిన కుర్చీ వేడి తగ్గకముందే వచ్చి మళ్లీ అందులోనే కూర్చుంటోంది. రెండోచోట ఒక పెద్దాయన. హస్తవాసి మంచిదన్నారు. కానీ ఒకమ్మాయి ఏదో అడగబోతే డాక్టరు నువ్వా నేనా అన్నాడట, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. నేనూ లేచి వచ్చేశాను.

మూడో ఆవిడ ఆసుపత్రి కళ్లద్దాల షాపు పైన. మెట్లు తక్కువే, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. చీటీ రాయించుకోందే కూర్చోకూడదన్నారు. సరే, నా పేరే రాయమన్నాను. చీటీలు రాసే అమ్మాయి, కాన్పు మీకేనా మామ్మగారూ అని నవ్వింది. నాకైతే నీకేం నొప్పి, రాయి అన్నాను. ఆ చీటీ కూర్చోవడానికే అనుకున్నాను గానీ లోపలికి పిలిచేస్తారని నాకేం తెలుసు!

మనవరాలి కోసం వచ్చానంటే డాక్టరమ్మ విసుక్కోలేదు. పోయినసారి సంగతి చెప్తుంటే పెన్ను కింద పెట్టి విన్నది. అది మీ మనవరాలి తప్పు కాదు, ఈ మాట నేను చెప్పానని చెప్పండి అంది. పాత రిపోర్టులు ఒక్క కాగితం పారెయ్యకుండా తెమ్మంది. అపరాత్రి ఏదైనా అయితే ఎవరు దిక్కు అని అడిగాను. తను లేనప్పుడు చూసే ఇంకో డాక్టరమ్మని ముందే నీకు పరిచయం చేస్తుందట. ఆపరేషన్ అవసరమైతేనే చేస్తాను, అవసరమైతే మాత్రం మీరు అడ్డుపడకండి అని నవ్వింది. నా మొహం చూసే కనిపెట్టేసింది గడుసుది!

ఈవిడే మనకి ఖాయం. సామాను సర్దేటప్పుడు పెట్టెలు ఎత్తకు. ఎవరేం చెప్పినా నా బెంగ నాది.

ఉంటాను,
మీ అమ్మమ్మ

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. బాగానే ఉన్నానని రాసింది అబద్ధం తల్లీ.

లేవబోతుంటే డాక్టరమ్మ, చీటీలో పేరు మీదే కదా, మరి మీ సంగతేమిటి అంది. నాకేముంది అని వచ్చేసేదాన్నే. కానీ అంతకుముందు బయట బల్ల మీద నా పక్కన నాకంటే పెద్దావిడ కూర్చుని ఉంది. కోడలికా అని నేనడిగితే, నాకేనమ్మా అని చెప్పింది. అది గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాను. ముట్లుడిగి ఎన్నో ఏళ్లయిన దాన్ని, పోయిన చలికాలం నుంచి మళ్లీ మరకలు కనబడుతున్నాయి. వేడి చేసిందనుకున్నాను. కాన్పుల డాక్టరు దగ్గర ముసలిదానికేం పని, నలుగురూ నవ్వుతారని ఊరుకున్నాను.

ఆవిడ లేచి తలుపు వేసి, పరీక్ష చేసింది. గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలట. ప్రతిదీ చెడ్డదే కాదంది. మొదటి మరకప్పుడే వచ్చుంటే బాగుండేదని మాత్రం అంది. ఆ మాటే ముల్లులా గుచ్చుకుంటోంది. ఎందుకు రాలేదా అని ఇంటికొచ్చి ఎంత ఏడ్చినా ఏం లాభం? మీ అమ్మకి ఫోనులో చెప్పబోయి, వాన పడుతోందని చెప్పి పెట్టేశాను. నువ్వే మెల్లిగా చెప్పు. నీ సంతోషంలో ఈ కబురు కలిపినందుకు నన్ను తిట్టుకోకు.

ముక్క తీసే రోజు నాకు తోడుగా ఒకరుండాలన్నారు. అందుకే నీ చీటీ కూడా ఆ రోజుకే రాయించాను. ముందు నిన్ను చూస్తుంది, తర్వాత నన్ను. ఇరవై ఒకటో తారీఖు, సోమవారం, పొద్దున్న పదకొండింటికి.