పరాయివాళ్ళు పిలిస్తే పలకదు

రేంజర్ లండ్‌క్విస్ట్ గారికి,

మడమ బెణికి క్యాంపులోనే పడివున్నాను. ఇక్కడ ఫోన్ కలవదు, అందుకే ఈ చీటీ సైకిలు మీద అటు వెళ్తున్న ఒకామెతో పంపుతున్నాను.

మీవాళ్ళు పొద్దుటినుంచి "మార్నీ" అని అరుస్తున్నారు. తప్పిపోయిన నా చెల్లెలు అలా పలకదు. ఎవరు పేరుపెట్టి పిలిచినా, మా ఇంటి రహస్యమాట చెబితేనే బయటికి రమ్మని అమ్మ నేర్పింది. నాకిప్పుడే గుర్తొచ్చింది. ఏ రెడ్‌వుడ్ చెట్టు తొర్రలోనో ముడుచుకుని, మీ బూట్లు దాటిపోవడం చూస్తూ ఉంటుంది.

ఆ మాట "అక్క పాన్‌కేకు బొగ్గు". మార్నీయే ఎంచుకుంది. "నీ వంట సంగతి బయటివాళ్ళకేం తెలుసే, అందుకే" అంది.

నవ్వొస్తే నవ్వండి. కానీ చీకటి పడేలోపు ప్రతి తొర్ర దగ్గరా ఆ మాటే అరవండి. దానికి ఏడేళ్ళండీ. చెప్పిన మాట జవదాటదు.

ఇట్లు,
ఆ పాన్‌కేకులు మాడ్చిన అక్క