మూలల్లో పూలు లేని బొంత

యల్లాపూర్

మహా కళాకారిణి సెలెస్తీనా పిన్నికి, నీ చేత మోసపోయిన శిష్యురాలు వినయంగా రాసుకొనునది.

బొంతల పోటీకి వారంలో ఉయ్యాల బొంత కుట్టమన్నారు, అంశం వాన. తాతయ్య పాత గొడుగు గుడ్డతో మబ్బు కుడతానని నీ ఒక్కదానికే చెప్పాను. "బాగుందే పిల్లా, ఎవరికీ చెప్పకు" అన్నావు. మర్నాడు అటకెక్కితే గొడుగుకి ఊచలే మిగిలాయి. నేను నల్ల లంగా చింపి కుట్టిన మబ్బుని చూసి అందరూ గేదె బాగుందని మెచ్చుకున్నారు.

నీ బొంత మీద తాతయ్య గొడుగు మబ్బై కనిపించింది. పోటీ పెట్టిన పట్నం వాళ్ళు బహుమతి నీకే ఇచ్చారు. నాలుగు మూలలా గుడ్డ పూలు లేనిదే బొంత పూర్తికాదనే మన ఫిలోమినా అవ్వ మాత్రం ఊరుకుంటుందా? "మూలల్లో పూలేవే సెలెస్తీనా? బహుమతి బొంత బట్టల్లేకుండా నిలబడిందేమే!" అంది. ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గుడ్డ మడిచి పూలు కుట్టడం నీకు చేతకాదు. నీ ప్రతి బొంతకీ కుట్టేది నేనే. ఈసారి కూడా నువ్వు అడుగుతావని నాలుగు పూలు కుట్టి సంచిలో తెచ్చాను. ఆ నవ్వుల మధ్య నువ్వు నా వైపు ఒక్కసారి చూసుంటే ఇచ్చేసేదాన్ని. నువ్వు చూడలేదు.

ఇట్లు,
ఇకపై నీకు ఏ ముచ్చటా చెప్పని
నీ అక్క కూతురు