దింపుడు కల్లం దగ్గర బస్టాపు

గోదావరిఖని,
ఫిబ్రవరి 2012.

రహదారి విస్తరణ ప్రణాళికాధికారి గారి సముఖమునకు,
చింతలగడ్డ కాలనీ నివాసి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు సుగుణమణి వ్రాసుకొను అర్జీ.

విషయం: మా కాలనీ గేటు ఎదుటి బస్టాపును తొలగించి శవాలను దించే చోట నెలకొల్పినందున, దానిని యథాస్థానమునకు మార్చుట, డివైడరులో దారి విడుచుట గురించి.

అయ్యా,

మొన్న మంగళవారం నేను తమ కార్యాలయానికి వచ్చినప్పుడు, "ప్రజలు ఎక్కువగా ఆగే చోటే బస్టాపు ఇచ్చాం కదమ్మా" అని సెలవిచ్చారు. అందులో చిన్న సవరణ. అక్కడ ఆగినది ప్రజలే, సందేహం లేదు. అయితే వారు బస్సు కోసం ఆగలేదు. పోశవ్వ శవాన్ని దించడానికి ఆగారు. ఈ సంగతి చెప్పబోతుండగా తమరికి ఫోను వచ్చింది. అది ముగిసేసరికి తమరికి భోజనవేళ అయింది. కనుక ఈ దిగువ అంశములను వ్రాతమూలకంగా సమర్పించుకొనుచున్నాను.

1. నేను విస్తరణకు వ్యతిరేకిని కాను. బసంత్‌నగర్ సిమెంటు లారీలు, కరెంటు ప్లాంటు బూడిద లారీలు, బొగ్గు టిప్పర్లు, కరీంనగర్ బస్సులు, వాటి సందుల్లో పెళ్ళిళ్ళ ట్రాక్టర్లు: ఏటికేడు పెరిగే ఈ రాకపోకలకు పాత రోడ్డు చాలదని, నాలుగు వరుసలు కావాలని మా కాలనీలో అందరికన్నా ముందు అడిగినది నేనే. అదే నాకు ఇప్పుడు మింగుడు పడడం లేదు.

2. నిరుడు ఎండాకాలం కమ్యూనిటీ హాలులో తమరు ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. రోడ్డు వైపు ఇళ్ళవారు ప్రహరీలు వదులుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అప్పుడు తమరు మైకు నా చేతిలో పెట్టి, "టీచరమ్మ చెబితే వింటారు" అన్నారు. మా స్టాపు సంగతేమిటని నేను అడిగాను. "మీ స్టాపు కదలదు. షెడ్డు కూడా వేస్తాం. దాటడానికి డివైడరులో దారి విడుస్తాం. ఇది నా మాట" అన్నారు. మా ఇంట్లో టీ తాగుతూ మళ్ళీ అన్నారు. టీ బాగుందని కూడా అన్నారు. తమరన్న వాటిలో ఆ ఒక్కటే నిజమని ఇప్పుడు తేలింది.

తమ మాట నమ్మి నేను హాలు వైపు తిరిగి, జాగా ఇద్దామని చెప్పాను. మొదట లేచినవాడు సదయ్య. మా ఎదురింటి మనిషి, బొగ్గు కోసి కోసి రిటైరైనవాడు.

"టీచరమ్మా, గీ మాట నువ్వు చెప్తున్నవా, ఆ సారు చెప్తున్నడా?"

"నేనే చెప్తున్న సదయ్యా."

"అయితే నా గోడ తీస్కోర్రి."

ఆ తరువాత ఎవరూ అడ్డు చెప్పలేదు. మరుసటి వారమే గోడలు పోయాయి. జేసీబీ ఆలస్యం చేయలేదని మాత్రం ఒప్పుకొనవలెను.

3. ప్రయాణికుల లెక్క తీసినది సకల జనుల సమ్మె రోజులలో. బస్సులు డిపో దాటలేదు. బొగ్గు బావుల్లో షిఫ్టు నడవలేదు. మా స్టాపులో ఒక కుక్క పడుకుని ఉండినది. బస్సులు లేని నాడు బస్టాపులో ఎందరున్నారో లెక్కపెట్టిన ఘనత తమ శాఖకే దక్కుతుంది. నేనే వెళ్ళి ఆ సిబ్బందికి మంచినీళ్ళిచ్చి, సమ్మె అయిపోయాక రండి నాయనా అన్నాను. "లెక్క జల్ది పంపాలె అమ్మా, పైనుంచి ఒత్తిడి" అన్నారు.

ఆ రోజే పోశవ్వ పోయింది. మంత్రసాని. కాలనీలో సగం మందిని భూమ్మీదికి తెచ్చినది ఆమె చేతులే. డ్యూటీలు లేవు గనుక పుట్టినవారందరూ సాగనంపడానికి వచ్చారు. శ్మశానానికి పోయే దారిలో, రోడ్డు పక్కన, పాడెను దింపే చోటు ఒకటి ఉంది. దింపుడు కల్లం అంటారు. అక్కడ శవాన్ని నేల మీద ఉంచి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, పోయిన ప్రాణం పలుకుతుందేమోనని. నేను క్రైస్తవురాలిని. మావాళ్ళు అంత్యదినం దాకా ఓపిక పట్టాలి. వీళ్ళకు దారిలోనే ఒకసారి అడిగి చూసే వెసులుబాటు ఉంది, మంచిదే. అక్కడ కూడా లెక్క తీస్తున్న తమ సిబ్బంది మాత్రం గొడుగు కింద కూర్చుని ఆ జనాన్నంతా 'వేచియున్న ప్రయాణికులు' అని రాసుకున్నారు. డప్పుల చప్పుడు నమోదు చేసే గడి ఆ కాగితంలో లేదు కాబోలు. పోశవ్వను కూడా లెక్కలో కలిపారేమో విచారించగలరు.

4. ఇప్పుడు మా పాత స్టాపు లేదు. కిలోమీటరుకు పైగా అవతల, దింపుడు కల్లం మీద, నీలి రేకుల షెడ్డు వెలిసింది. పసిపిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్ళు అక్కడ నిలబడరు. నిలబడమని చెప్పే ధైర్యం నాకూ లేదు. డ్రైవర్లు ఈ ప్రాంతం వారే గనుక బ్రేకు వేయరు. ఒక కండక్టరును ఎందుకు ఆపవని నిలదీశాను.

"అవ్వా, గాడ చెయ్యెత్తే మనిషిని నేనింతదనుక చూడలే. చూసిన నాడు బస్సు ఆపుడు కాదు, నేనే దిగి ఉరుకుత."

5. సదయ్య ఊపిరితిత్తుల నిండా గని దుమ్మే. దవాఖానకు తప్పకుండా పోవలసిన మనిషి. పోయిన నెల భార్య ఐలవ్వ చేయి పట్టుకుని కొత్త స్టాపుకు బయలుదేరాడు. షెడ్డు దాకా చేరి, ఆయాసంతో కూలబడ్డాడు. వెనకాలే వెళ్ళిన నేను చూశాను.

"లెవ్వు! సచ్చినోళ్ళను దించే జాగల కూసుంటవా?" అని ఐలవ్వ ఏడ్చింది.

"ఊకో. ఎట్లయినా రావల్సిందే గదా, ముందుగాల జాగ పట్టుకుంటున్న" అన్నాడు సదయ్య. తరువాత నన్ను చూసి నవ్వాడు. "ఏం టీచరమ్మా, గోడ వాపసు ఇప్పిస్తవా?"

బస్సు ఆగలేదు. ఆటోలో ఇంటికి తెచ్చాము. ఆనాటి నుంచి ఆయన గడప దాటలేదు. ఎవరు పిలిచినా "గా స్టాపుకు పీనుగ లెక్కనే పోత" అంటాడు. ఆటో తెస్తానంటే, "ఎన్నాళ్ళు తెస్తవ్?" అంటాడు. మందులు అడుగంటాయి.

6. ఐలవ్వ నన్ను తిట్టలేదు. కూర వండితే గిన్నెలో ఇంకా పంపుతోంది. అది నాకు భరించరానిదిగా ఉన్నది. బడిలో ఇన్నేళ్ళు నేను చెప్పిన ఎక్కాలు తప్పలేదు. ఈ ఒక్క పాఠం తమరు నా నోట చెప్పించి, తప్పు చేయించారు. నా మాట మీద గోడలు పోయాయి. తమరి మాట ఏ గోడ కింద పడిందో వెతకవలసిన బాధ్యత తమదే.

కావున, వచ్చే సోమవారం డివైడరు కాంక్రీటు మా గేటు దగ్గరికి చేరుతుందని కాంట్రాక్టరు మనుషులు చెబుతున్నందున, ఆలోపున గేటు ఎదుట దారి విడిచి, స్టాపును పాత చోట నిలపవలసినదిగా ప్రార్థన. నీలి షెడ్డును అక్కడే ఉంచినా అభ్యంతరం లేదు. పాడె మోసేవాళ్ళకు నీడ అవుతుంది.

ఈ అర్జీని ఫైలులో కాక తమ చిత్తంలో పెట్టుకొని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (సోమవారం వరకు),
సుగుణమణి

జత: సదయ్య మందుల పుస్తకం.

తా.క. ఈ పుస్తకం చూపితే ఈసారికి మనిషి రాకున్నా మందులిస్తామని దవాఖాన కౌంటరులోని రెజీనా ఒప్పుకున్నది. తమ మనిషినొకరిని పంపి తెప్పించండి. పీల్చుకునే మందు మరిచిపోవద్దనండి. జీపు వద్దు, బస్సులో రమ్మనండి. తమ స్టాపులో దిగి నడిచి రమ్మనండి. సదయ్య ఇంటికి గోడ లేదు, గుర్తుపట్టడం తేలిక. గడపలో నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఆయన లేచి రావడానికి కొంత సేపు పడుతుంది. ఒక్కసారి పిలిచి వెళ్ళిపోవద్దనండి. మూడుసార్లు పిలవమనండి.