మూపురం మీది పుండు

సోమవారం, రాత్రి

తమ్ముడి ఎర్ర ఎద్దుకి మూపురం మీద పుండు లేచి నాలుగు నెలలు. వాడు ఆస్పత్రికి తోలుకెళ్తానంటే, కాడి రాపిడికి డాక్టరెందుకని ఆపింది నేనే. ప్రతి ఆదివారం ప్రార్థన చేసి నా చేత్తోనే నూనె రాశాను.

ఎంతకీ మానకపోతే ఈరోజు తోలుకెళ్లాం. నరసన్నపేటలో పశువుల డాక్టరు ఆ పుండు గీకి, ఉప్పునీటి చుక్కలో వేసి, మైక్రోస్కోపులో చూపించాడు. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఏటి బాబూ ఇవి?" అన్నాను.

"ఫైలేరియా అమ్మా. మనుషులకి బోదకాలు తెచ్చే పురుగుల జాతే గానీ, ఇది పశువులకొచ్చే రకం. పుండు మీద వాలిన ఈగలు పక్క పశువుకి మోస్తాయి. రెండో ఎద్దుని సూసినారా?"

ఇంటికొచ్చి చూశాం. తెల్ల ఎద్దు మూపురం మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి, చెమ్మగా ఉంది. మానేదాకా రెండింటికీ కాడి కట్టకూడదు. ఊడ్పులకి మడి దున్నే దమ్ముకి వారమే ఉంది.

తమ్ముడు ఈగలు తోలుతూ, "పోన్లే అప్పా, తెలిసి సేసినావా ఏటి" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

మోకరించాను గాని ప్రార్థన సాగలేదు. ప్రభువును క్షమించమనే ముందు వాడిని అడగాలి. వాడికి చెప్పడమే గాని, వాడిని అడగడం నాకు ఎన్నడూ అలవాటు లేదు...