అడ్డాలు అన్నయ్యవి, నిలువులు నావి

జులై 8, సోమవారం

కింద అన్నయ్య వాళ్ళు, పైన మేము. నీళ్ళ మోటారు గొడవ తర్వాత మాటల్లేవు. పేపర్ మాత్రం ఇద్దరికీ ఒకటే, అందులోని పదాల గళ్ళ పజిల్ కూడా. పజిల్‌లో అడ్డాలు అన్నయ్య పూరించి, పొద్దున్నే మెట్ల మీద పెట్టి, స్కూల్ బస్సు తీసుకుని వెళ్తాడు. మా పాప కూడా అదే బస్సు. నిలువులు నేను పూర్తి చేసి సాయంత్రానికి మెట్ల మీదే పెడతాను. ఈ ఒప్పందం ఎవరూ చేయలేదు, ఎవరూ తప్పలేదు.

ఈరోజు అడ్డం 4 జవాబు తెచ్చి 6లో రాశాడు. నా నిలువులన్నీ చెడ్డాయి. కావాలనే. వదిన ఎక్కించి ఉంటుంది.

జులై 10

అక్షరాలు గళ్ళు దాటి కిందికి జారుతున్నాయి. అన్నయ్యది ముత్యాల్లాంటి రాత. ఇది పంతం కాదు.

జులై 11

పజిల్ పక్కన సన్నగా రాశాను, నువ్వు మొండిఘటానివి అని. చిన్నప్పుడు ఆ మాటంటే నా జడ పట్టుకు లాగేవాడు.

జులై 12

ఉలుకూ లేదు, పలుకూ లేదు. చదివి ఉంటే ఊరుకునే రకం కాదు.

సాయంత్రం

మామయ్య బస్సులో కొత్త ఆట పెట్టాడట. సిగ్నల్ ఏ రంగో ముందు అరిచినవాళ్ళకి చాక్లెట్. ఇవాళ తనకి రెండొచ్చాయని పాప ఎగురుతోంది.

అంటే సిగ్నల్ రంగు పిల్లలు అరిస్తే గానీ అన్నయ్యకి తెలియడం లేదా?

జులై 15, ఉదయం

పాపకి జ్వరమని అబద్ధం చెప్పి ఆపేశాను. బస్సు వెళ్ళిపోయింది. నా పిల్లని దాచుకున్నాను సరే, మిగతావాళ్ళు ఎవరి పిల్లలు? ఛీ.

మధ్యాహ్నం

కిందికి వెళ్ళి వదినని అడిగేశాను. ముందు మోటారు సంగతే ఎత్తింది. తర్వాత భోరుమంది. అన్నయ్య కళ్ళకి పొరలు కమ్ముతున్నాయట. డాక్టర్ దగ్గరికి రమ్మంటే కరుస్తాడట, పరీక్ష చేస్తే బస్సు లాగేసుకుంటారని భయం. ఆయన ప్రాణమంతా ఆ స్టీరింగ్ మీదే, నీకు దండం పెడతానమ్మా, ఎవరికీ చెప్పకు అంది.

మా ఆయనకి చెప్తే క్షణం ఆగరు, స్కూల్‌కి ఫోన్ చేసేస్తారు. నేనూ రెండుసార్లు చేసి, రింగ్ కాకముందే పెట్టేశాను. చెప్తే అన్నయ్య ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే? నేను ఇంట్లో చేసే కుట్టుపనికి వచ్చిన యూనిఫామ్ చొక్కాకి జేబు తలకిందులుగా కుట్టాను. చిన్న సైజు చొక్కా. అదే బస్సు ఎక్కే పిల్లాడిది.

సాయంత్రం

బస్సు తిరిగొచ్చింది. అమ్మయ్య. కానీ ఎన్నాళ్ళిలా?

నిలువులు పూరించలేదు. పేజీ మొత్తం మీద మార్కర్‌తో పెద్దపెద్ద అక్షరాలు రాశాను. రేపు బస్సు తియ్యకు. తీస్తే స్కూల్‌కి నేనే చెప్తాను. మెట్ల మీద పెట్టి పైకి పరుగెత్తుకొచ్చాను, దొంగలా.

జులై 16, ఉదయం 6:40

బస్సు స్టార్ట్ చేశాడు. నంబర్ నొక్కాను. దేవుడా, రింగవుతోంది.

ఇంజన్ ఆగింది. పెట్టేశాను.

7:15

వేరే డ్రైవర్‌ని పంపమని స్కూల్‌కి తనే ఫోన్ చేశాడని వదిన వచ్చి చెప్పింది. దిగి చూస్తే మెట్ల మీద ఇవాళ్టి పేపర్, పేపర్ మీద బస్సు తాళాలు, పక్కన అన్నయ్య. అడ్డాలన్నీ ఖాళీ. నేనూ కూర్చుని అడ్డం ఒకటి పైకి చదివాను.

ఎన్నక్షరాలని అడిగాడు.